బొమ్మ చూసి... దీవికెళ్లారు!

నీలాల సముద్రం, కొండవాలున తెల్లటి ఇళ్లు, ఒడ్డున పడవ, పక్కనే ఎర్రటోపీ పెట్టుకుని వల బాగుచేసుకుంటున్న జాలరి... మధ్యధరా సముద్రంలోని దీవులనగానే ప్రపంచమంతా ఇలాగే ఊహించుకుంటుంది. ఆ ఊహ దానంతటదే పుట్టలేదు. పెట్టెలకొద్దీ గాజు పలకలు మోసుకుంటూ ఫొటోగ్రాఫర్లు ఆ దీవుల్లో తిరిగారు. ఎక్కడో స్విట్జర్లాండ్‌లో కూర్చుని ప్రెస్సు వాళ్లు ఆ ఫొటోలకు రంగులద్దారు. ఆ బొమ్మలు చూశాకే జనం ప్రయాణం కట్టారు!

రాళ్లమీద పుట్టిన నీలం

ఇటలీలోని నేపుల్స్ నగరానికి దక్షిణాన, సముద్రంలో ఉంటుంది కాప్రీ దీవి. విస్తీర్ణం పది చదరపు కిలోమీటర్ల పైచిలుకు, అంతే. మన లెక్కలో రెండు మూడు గ్రామాల పొలిమేరంత. 1890ల్లో ఈ బుల్లి దీవి రంగుల ఫొటోలు ఐరోపా నగరాల్లో అమ్మకానికొచ్చాయి. ఆకాశం లేత నీలం, సముద్రం ముదురు నీలం, ఇళ్ల గోడలకు గులాబీ ఛాయ... అచ్చం కిటికీలోంచి చూసినట్టే ఉన్నాయి. విచిత్రమేమిటంటే అప్పటికింకా మార్కెట్లో రంగుల ఫిల్మే లేదు. మరి ఆ రంగులెక్కడివి?

జ్యూరిచ్‌లోని ఒరెల్ ఫ్యూస్లీ అనే ముద్రణ సంస్థలో పనిచేసే హాన్స్ జాకబ్ ష్మిడ్ 1880ల్లో ఓ పద్ధతి కనిపెట్టాడు. దాని పేరు ఫొటోక్రోమ్. నున్నగా అరగదీసిన సున్నపురాయి మీద ఒక రకం తారు పూత పూస్తారు. దానిమీద నలుపు తెలుపు నెగెటివ్ పెట్టి ఎండలో ఉంచుతారు. ఎండ తగిలిన చోట తారు గట్టిపడుతుంది, తగలని చోట కడిగితే పోతుంది. అలా రాయి మీద ఫొటో దిగుతుంది. ఇక్కడితో అయిపోలేదు. ఒక్కో రంగుకి ఒక్కో రాయి తయారుచెయ్యాలి. ఆకాశానికి ఒకటి, చెట్లకు ఒకటి, నీడలకు మరొకటి. ఒక బొమ్మకి కనీసం ఆరు రాళ్లు కావాలి, మామూలుగా పది పదిహేను దాకా పట్టేవి. కాగితాన్ని ఒకదాని తర్వాత ఒకటిగా అన్ని రాళ్లమీదా అచ్చొత్తాలి. వెంట్రుకవాసి పక్కకు జరిగినా బొమ్మ పాడైపోతుంది.

ఫొటో తీసినవాళ్లు అక్కడి రంగుల వివరాలు రాసుకొచ్చేవాళ్లు. ఫలానా గోడ పసుపు, ఫలానా పడవకి ఆకుపచ్చ అంచు... ఇలాగన్నమాట. దాన్ని చూసి జ్యూరిచ్‌లో రంగులేసేవారు. ఆ పనివాళ్లలో ఎంతమంది మధ్యధరా సముద్రాన్ని ఎప్పుడైనా చూసుంటారు? కొనేవాళ్లకు ఏ నీలం నచ్చుతుందో మాత్రం వాళ్లకు బాగా తెలుసు. పట్టపగలు తీసిన నెగెటివ్‌కే రంగులు మార్చి, పైన చందమామని చేర్చి ‘వెన్నెల రాత్రి’ అని అమ్మిన సందర్భాలూ ఉన్నాయి. ఇప్పుడు మనం కంప్యూటర్లో చేసే మాయలన్నీ వాళ్లు అప్పుడే రాళ్లమీద చేసేశారు!

చిక్కేమిటంటే ఆ ప్రింట్లను ఎవరూ బొమ్మలనుకోలేదు. ఫొటో అంటే ఉన్నది ఉన్నట్టు చూపించేదని జనానికి గట్టి నమ్మకం. అంత నీలం ఎక్కడో నిజంగా ఉందనుకున్నారు. దాన్ని చూడ్డానికే బయల్దేరారు.

దయ్యాల గుహ... దర్శనీయ స్థలం!

నిజం చెప్పాలంటే కాప్రీలో అంతటి నీలం ఒకచోట ఉంది. అదే బ్లూ గ్రాటో, నీలిగుహ. కొండ కింద, నీటి మట్టానికి ఒక మీటరు ఎత్తు మాత్రమే ఉండే చిన్న కన్నం దాని ద్వారం. పడవలో వెల్లకిలా పడుకుంటే తప్ప లోపలికి వెళ్లలేం. వెళ్లాక మాత్రం కాళ్లకింద ఎవరో నీలి దీపం వెలిగించినట్టు నీళ్లన్నీ మెరుస్తుంటాయి. నీటి అడుగున ఇంకో పెద్ద ద్వారం ఉండటమే ఇందుకు కారణం. సూర్యకాంతి దాంట్లోంచి నీటిని చీల్చుకుంటూ వస్తుంది. ఎరుపు కాంతిని నీరు పీల్చేసుకుంటుంది. నీలం మాత్రం మిగిలి కింది నుంచి పైకి వెలుగుతుంది.

ఈ గుహని 1826లో అగస్ట్ కోపిష్ అనే జర్మన్ కవి, అతని స్నేహితుడైన చిత్రకారుడు ఎర్న్‌స్ట్ ఫ్రీస్ ‘కనిపెట్టారు’ అని పుస్తకాలన్నీ రాస్తాయి. ఆ మాటని కాస్త ఆలోచించే ఒప్పుకోవాలి. ఎందుకంటే వాళ్లని అక్కడికి తీసుకెళ్లింది స్థానిక జాలరి ఏంజెలో ఫెరారో. ఆ గుహ సంగతి చెప్పింది వాళ్లకు బస ఇచ్చిన జుసెప్పె పగానో. దీవిలో అందరికీ గుహ తెలుసు. కాకపోతే దాంట్లో దయ్యాలుంటాయని దగ్గరికి వెళ్లేవాళ్లు కాదు. అంతకు పద్దెనిమిది వందల ఏళ్ల ముందు రోమన్లకీ అది తెలుసు. టైబీరియస్ చక్రవర్తి తన ఆఖరి పదేళ్లూ ఈ దీవిలోనే గడిపాడు. 1964లో గుహ అడుగు నుంచి రోమన్ల కాలంనాటి సముద్ర దేవతల విగ్రహాల్ని పైకి తీశారు కూడా.

కోపిష్ వెళ్లొచ్చిన తర్వాత దీవి జాతకం మారిపోయింది. డెన్మార్క్ రచయిత హాన్స్ క్రిస్టియన్ ఆండర్సన్... అదే, మన పిల్లలు చదువుకునే ‘అగ్లీ డక్లింగ్’ కథ రాసినాయన... 1835లో వచ్చిన తన నవలలో ఈ గుహని పెట్టాడు. పగానో గారి ఇల్లు హోటలైంది. కళాకారులు వరసకట్టారు. అయితే వాళ్లందరూ బొమ్మలు గీసినవాళ్లే. ఫొటోకి మాత్రం నీలిగుహ చాలాకాలం లొంగలేదు. అసలే మసక వెలుతురు. ఫొటో పడాలంటే కెమెరా చాలాసేపు కదలకుండా ఉండాలి. పడవేమో క్షణం నిలకడగా ఉండదు. ఎలా వచ్చినా ఫొటో నలుపు తెలుపులోనే వస్తుంది. నీలిగుహలో నీలం లేకపోతే ఇంకేముంది? అందుకే ఆ గుహ ఫొటోక్రోమ్‌కి సరిగ్గా సరిపోయింది. ఆ వరసలో వచ్చిన కాప్రీ బొమ్మల్లో నీలిగుహ కూడా ఉంది. అందులోని నీలం కూడా జ్యూరిచ్‌దే!

గాడిద మీద డార్క్‌రూమ్

ఈ రోజుల్లో సెల్‌ఫోన్ జేబులోంచి తీసి నొక్కేస్తున్నాం. 1851లో వచ్చిన ‘వెట్ ప్లేట్’ పద్ధతి చూస్తే అప్పటి ఫొటోగ్రాఫర్ల ఓపికకి దణ్ణం పెట్టాలనిపిస్తుంది. గాజు పలక మీద కలోడియన్ అనే జిగురు ద్రవాన్ని పోసి సమంగా పరుచుకునేలా అటూఇటూ వంచాలి. వెండి లవణం కలిపిన నీళ్లలో ముంచాలి. అది ఆరిపోయేలోపు, అంటే పది పదిహేను నిమిషాల్లో, ఫొటో తియ్యడం, చీకట్లో కడగడం రెండూ అయిపోవాలి. ఆరిందా, పలక పనికిరాదు. అందుకని డార్క్‌రూమ్‌ని వెంట తీసుకెళ్లాల్సిందే. గుడారం, రసాయనాల సీసాలు, గాజు పలకల పెట్టెలు, మంచినీళ్లు, మూడుకాళ్ల స్టాండు... అన్నీ ముందు పడవల్లో, ఆ తర్వాత గాడిదల మీద కొండెక్కాలి. మధ్యధరా ఎండల్లో పలక ఇంకా తొందరగా ఆరిపోతుంది. ఇంత కష్టపడి రోజుకి నాలుగు మంచి ఫొటోలు వస్తే గొప్పే.

ఆ కష్టాన్ని పెద్ద వ్యాపారంగా మార్చినవాళ్లలో జార్జియో సోమర్ ఒకడు. జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో 1834లో పుట్టాడు. 1857లో నేపుల్స్ వచ్చి స్థిరపడ్డాడు. 1872 ఏప్రిల్‌లో వెసూవియస్ అగ్నిపర్వతం పేలినప్పుడు ఆ పొగల్ని ఫొటో తీసి ఐరోపా అంతటా పేరు తెచ్చుకున్నాడు. పాంపేయి శిథిలాలు, నేపుల్స్ వీధులు, కాప్రీ, సిసిలీ దీవులు... యాత్రికుడు ఏది చూసినా, ఆ ఫొటో సోమర్ దుకాణంలో దొరికేది. చిన్న కార్డుల నుంచి పెద్ద ఆల్బమ్‌ల దాకా ఎవరి స్తోమతకు తగ్గట్టు వాళ్లు కొనుక్కోవచ్చు. అప్పటి యాత్రికులకు సొంత కెమెరాలు లేవు కదా! మరి ఊరెళ్లాక ‘నేను చూసొచ్చాను’ అని చూపించుకోవాలంటే సోమర్‌లాంటి వాళ్లు తీసినవే దిక్కు. వందల కుటుంబాల ఆల్బమ్‌లలో ఒకే కొండ, ఒకే కోణం, ఒకే పడవ.

దీవుల్ని ఫొటో తియ్యడం వెనక ప్రతిసారీ విహారమే లేదు. 1878 జులైలో సైప్రస్ దీవి పాలనని బ్రిటిష్‌వాళ్లు తుర్కుల నుంచి తీసుకున్నారు. ఆ శరదృతువులోనే జాన్ థామ్సన్ కెమెరాతో అక్కడ దిగాడు. అంతకుముందు చైనాని ఫొటోలు తీసి పేరు పొందినవాడాయన. కొత్తగా చేతికొచ్చిన దీవి ఎలా ఉందో లండన్ జనానికి చూపించాలన్నది ఆలోచన. ఆ ఫొటోలు 1879లో రెండు సంపుటాలుగా వచ్చాయి. మనకి సంబంధించిన సంగతి ఒకటుంది ఇందులో. 1878లోనే బ్రిటిష్‌వాళ్లు దాదాపు ఏడు వేల మంది భారతీయ సిపాయిల్ని మాల్టా దీవికి తరలించారు. వాళ్లలో కొందరిని అక్కడినుంచి సైప్రస్‌కి పంపారు. మద్రాసు సైన్యంవాళ్లు కూడా ఆ ఓడల్లో ఉన్నారు. విహారయాత్రికుల కన్నా ముందే మధ్యధరా దీవుల్ని చూసిన మనవాళ్లన్నమాట. వాళ్ల చేతుల్లో కెమెరాలు లేవు, అంతే.

కార్డు మీద నవ్వు

ఫొటోక్రోమ్ ప్రింటు కొనడం అందరికీ వీలయ్యేది కాదు. పోస్టుకార్డు అలా కాదు. బొమ్మ పోస్టుకార్డులు 1890ల్లో ఊపందుకున్నాయి. మొదట్లో కార్డుకి ఒకవైపు చిరునామా మాత్రమే రాయాలన్నది నిబంధన. దాంతో కబుర్లన్నీ బొమ్మ అంచులమీద, ఆకాశంలో, ఒక్కోసారి సముద్రం మధ్యలో ఇరికించి రాసేవాళ్లు. 1902లో బ్రిటన్‌లో చిరునామా వైపునే సగం కబుర్లకి వదిలారు. మిగతా దేశాలూ అదే బాట పట్టాయి. బొమ్మ మొత్తం బొమ్మకే మిగిలింది. ఇంకేం, కార్డుల వరద!

పాత కార్డులు చేతికొస్తే ఒకసారి ఆ మనుషుల్ని చూడండి. తలమీద బరువులతో మెట్లెక్కుతున్న ఆడవాళ్లు, వాకిట్లో నూలు వడుకుతున్న ముసలమ్మ, గాడిదని తోలుకెళ్తున్న కుర్రాడు... అందరూ భలే అందంగా ఉంటారు. కాప్రీలో కింది రేవు నుంచి పైన ఉన్న అనకాప్రీ గ్రామానికి 921 రాతి మెట్లున్నాయి. 1870ల్లో బండి రోడ్డు పడేదాకా ఆ ఊరికి అవే దారి. నీళ్లూ సరుకులూ అన్నీ ఆ మెట్లమీదే ఎక్కాలి. ఎక్కువగా మోసింది ఆడవాళ్లే. బయటినుంచి వచ్చిన కళాకారులకు ఆ నడకలో వయ్యారం కనిపించింది. మోసినవాళ్ల మెడనొప్పి కార్డు మీద ఎలా కనిపిస్తుంది?

ఇంకో నిజం అసలే కనిపించదు. 1876 నుంచి 1915 దాకా ఇటలీ నుంచి దాదాపు కోటీ నలభై లక్షల మంది బతుకుతెరువు కోసం దేశం వదిలిపోయారు. సిసిలీ లాంటి దీవుల నుంచి వేలకు వేల కుటుంబాలు న్యూయార్క్ ఓడలెక్కాయి. అంటే ఒక ఓడలో జనం ఆ దీవుల అందాలు చూడ్డానికి వస్తుంటే, ఇంకో ఓడలో ఆ దీవులవాళ్లే అక్కడ బతకలేక వెళ్లిపోతున్నారు. కార్డులో నవ్వుతున్న జాలరి మరుసటి ఏడాదికి బ్రూక్లిన్‌లో రాళ్లు మోస్తుండొచ్చు. అతని బొమ్మ మాత్రం దుకాణంలో అమ్ముడవుతూనే ఉంటుంది.

ఇది ఒక్క ఐరోపా ముచ్చట కాదు. సరిగ్గా అదే కాలంలో మద్రాసులో హిగ్గిన్‌బోథమ్స్, స్పెన్సర్ కంపెనీలు కూడా బొమ్మ పోస్టుకార్డులు వేశాయి. చాకలి, నీళ్లు మోసే మనిషి, ఇంట్లో పనిచేసే ఆయా... ఇక్కడి దొరలూ దొరసానులూ వాటిని ఇంగ్లండ్‌కి పంపేవాళ్లు. వాటి కింద కూడా మనిషి పేరుండదు, పని పేరే ఉంటుంది. కాప్రీ జాలరికీ మద్రాసు చాకలికీ ఒకటే న్యాయం!

ఎండాకాలం... ఎవరొస్తారు?

పాత ఫొటోల్లో తెల్లారేసరికి చాపలు పరుచుకుని పడుకునే జనం కనిపించరు. ఎందుకంటే అప్పట్లో మధ్యధరా దీవులకి వెళ్లేది చలికాలంలో! ఇంగ్లండ్, జర్మనీల మంచు తప్పించుకోవడానికి, ఊపిరితిత్తుల జబ్బులు నయం చేసుకోవడానికి డబ్బున్నవాళ్లు వెళ్లేవాళ్లు. ఎండ పొడ తగలకుండా టోపీలు, గొడుగులు, చేతులకు తొడుగులు. సంగీతకారుడు షొపేన్ తన ఆరోగ్యం కోసం రచయిత్రి జార్జ్ శాండ్‌తో కలిసి 1838లో స్పెయిన్‌లోని మయోర్కా దీవికి వెళ్లింది కూడా చలికాలంలోనే. వానలూ చలీ కలిసి ఆయన జబ్బు ఇంకా ముదిరింది. వెనక్కొచ్చేటప్పుడు ఎక్కిన ఓడ నిండా పందులే. జార్జ్ శాండ్ ఆ దీవివాళ్లను తిట్టిపోస్తూ ఏకంగా ఒక పుస్తకమే రాసింది. విచిత్రం చూడండి... వాళ్లు బసచేసిన వాల్దెమోసా మఠం గదులిప్పుడు టికెట్టు కొని చూడాల్సిన చోటు. ఆ పుస్తకాన్నీ అక్కడి దుకాణాల్లోనే అమ్ముతారు!

అదే మయోర్కాలో 1903లో గ్రాన్ హోటల్ తెరిచారు. ఆ ఏడాదే బార్తొలొమె అమెంగ్వాల్ అనే స్థానికుడు ఒక పుస్తకం రాశాడు. దాని పేరుకి అర్థం ‘పరాయివాళ్ల పరిశ్రమ’. బయటివాళ్లు రావడమే ఒక పరిశ్రమ కాగలదని, దీవి బాగుపడటానికి అదో దారి అని ఆయన వాదన. 1905లో పర్యటకాన్ని ప్రోత్సహించే సంఘం కూడా ఏర్పాటైంది. అంటే దీవివాళ్లేమీ అమాయకంగా చూస్తూ కూర్చోలేదు. వలసపోవడం తప్ప ఇంకో దారి కావాలనుకున్నారు. బొమ్మలో ఇమిడిపోవడం ఆ దారి.

కాప్రీ కూడా ఊరుకోలేదు. 1907లో రేవు నుంచి ఊళ్లోకి తాడుతో లాగే రైలు వేసుకుంది. ఇక మెట్లెక్కి ఆయాసపడాల్సిన పనిలేదు. ఈలోగా యాత్రికుల చేతికే కెమెరా వచ్చేసింది. 1888లో వచ్చిన తొలి కొడాక్ కెమెరాలో వంద ఫొటోలు తీసుకోవచ్చు. అన్నీ అయిపోయాక కెమెరాని అలాగే కంపెనీకి పంపితే ఫొటోలు కడిగి, కొత్త ఫిల్మ్ వేసి తిరిగి పంపేవాళ్లు. 1900లో ఒక డాలరుకే బ్రౌనీ కెమెరా వచ్చింది. ఇప్పుడైనా కొత్త కోణాలు కనిపించాలి కదా? అబ్బే! పోస్టుకార్డులో చూసిన చోటే నిలబడి, అదే ఫొటో తాము తీసుకున్నారు. తేడా ఒక్కటే. ముందు వరసలో తమవాళ్లని నిలబెట్టారు. తాజ్‌మహల్ ముందు పాలరాతి బల్ల మీద కూర్చోనిదే ఆగ్రా వెళ్లొచ్చినట్టు మనకి మాత్రం అనిపిస్తుందా?

నెల్లీస్ తీసిన గ్రీసు

ఫొటోతో జనాన్ని రప్పించవచ్చని 1930ల నాటికి ప్రభుత్వాలకీ అర్థమైంది. గ్రీసులో ఆ బాధ్యత ఒక మహిళకి దక్కింది. ఎల్లీ సెరైదారి... ‘నెల్లీస్’ అన్న పేరుతోనే ప్రపంచానికి తెలుసు. 1899లో ఇప్పటి తుర్కియేలో ఉన్న ఒక గ్రీకు కుటుంబంలో పుట్టింది. జర్మనీలోని డ్రెస్డెన్‌లో ఫొటోగ్రఫీ నేర్చుకుంది. 1922 యుద్ధంలో లక్షలమంది గ్రీకుల్లాగే ఆమె కుటుంబమూ సొంతూరు పోగొట్టుకుంది. ఏథెన్స్ చేరుకుని 1924లో స్టూడియో పెట్టింది. సాంతోరిని లాంటి దీవుల్లో తిరిగి, కొండ అంచున పేర్చినట్టున్న ఇళ్లనీ, మెట్ల సందుల్నీ, అక్కడి మనుషుల్నీ ఫొటోలు తీసింది. గ్రీసు పర్యటక శాఖ వాటిని ప్రచారానికి వాడుకుంది. తన సొంతూరు చేజారిపోయిన మనిషి, ఎప్పటికీ చెక్కుచెదరని గ్రీసుని ఫొటోల్లో చూపించింది. అవి చూస్తుంటే ఆ సంగతి గుర్తురాక మానదు.

ఆమె తీసిన సాంతోరిని కూడా అలాగే మిగల్లేదు. 1956 జులైలో వచ్చిన భూకంపంలో యాభైమందికి పైగా చనిపోయారు. వేల ఇళ్లు దెబ్బతిన్నాయి. ఎంతోమంది దీవి వదిలిపోయారు. ఆ తర్వాత పదిహేను ఇరవై ఏళ్లకి యాత్రికుల రాక మొదలయ్యాకే అక్కడ మళ్లీ కళ వచ్చింది. ఇప్పుడో? దీవి జనాభా పదిహేను వేల పైచిలుకు. 2024 జులై 23న ఒక్కరోజే ఓడల్లో దాదాపు 17 వేల మంది వస్తున్నారని తెలిసి, అవసరమైతే తప్ప బయట తిరగొద్దని స్థానికులకే విజ్ఞప్తి చేశారు. ఊళ్లోవాళ్లు ఇంట్లో కూర్చుంటేగానీ చూడ్డానికొచ్చినవాళ్లకి చోటుండదన్నమాట!

ముప్ఫైరెండున్నర పౌండ్ల స్వర్గం

ఇదంతా డబ్బున్నవాళ్ల ముచ్చటగానే ఉండిపోయేదేమో, వ్లాదిమిర్ రైట్జ్ అనే కుర్రాడు లేకపోతే! మాస్కోలో 1922లో పుట్టి లండన్‌లో స్థిరపడ్డాడు. రాయిటర్స్ వార్తా సంస్థలో ఉద్యోగం. 1949 వేసవిలో ఫ్రాన్స్‌కి చెందిన కోర్సికా దీవిలో, కాల్వి అనే ఊరికి సెలవులు గడపడానికెళ్లాడు. సముద్రం ఒడ్డున గుడారాల శిబిరం. దాన్ని నడిపేవాళ్లు ‘బ్రిటన్ నుంచి జనాన్ని తీసుకురావచ్చు కదా’ అన్నారు. ఓడలూ రైళ్లూ పట్టుకుని అక్కడికి రావాలంటే రెండు రోజులు. విమానంలో అయితే కొద్ది గంటలు. అమ్మమ్మో నాయనమ్మో వదిలివెళ్లిన మూడు వేల పౌండ్లు చేతిలో ఉన్నాయి. ఉద్యోగం మానేసి హొరైజన్ హాలిడేస్ అనే కంపెనీ పెట్టాడు.

ప్రభుత్వం అంత తేలిగ్గా ఒప్పుకోలేదు. ప్రభుత్వ విమాన సంస్థ వ్యాపారం దెబ్బతింటుందని నెలల తరబడి తిప్పింది. చివరికి విద్యార్థులనీ ఉపాధ్యాయులనీ మాత్రమే తీసుకెళ్లాలన్న షరతుతో అనుమతి ఇచ్చింది. సరేనని టీచర్లు చదివే పత్రికల్లో ప్రకటనలిచ్చాడు. విమానం, గుడారంలో బస, భోజనం, వైన్... అన్నీ కలిపి 32 పౌండ్ల పది షిల్లింగులు. అప్పట్లో మామూలు విమానంలో ఫ్రాన్స్ తీరంలోని నైస్ దాకా వెళ్లిరావడానికే 70 పౌండ్ల దాకా అయ్యేది! 1950 మే 20న గాట్విక్ నుంచి డకోటా విమానం బయల్దేరింది. యుద్ధంలో సైనికుల్ని మోసిన రకం విమానమది. 32 సీట్లు. దారిలో ఆగి ఇంధనం పోయించుకుని కాల్వి చేరింది.

ఇవాళ మనం ‘ప్యాకేజీ టూర్’ అంటున్నదానికి ఆ విమానమే నాంది అంటారు. మొదటి ఏడాది వచ్చింది మూడొందల మందే. ఖర్చులకి కూడా సరిపోలేదు. కానీ వెళ్లొచ్చినవాళ్లు ఊరుకుంటారా? అక్కడ రోజుకి రెండుసార్లు మాంసం పెడుతున్నారని చెప్పారు. బ్రిటన్‌లో అప్పటికి యుద్ధకాలపు రేషన్ ఇంకా నడుస్తోంది. మాంసం మీద పరిమితి 1954 దాకా తొలగలేదు. ఎండ, సముద్రం ఎంత ఆకర్షించాయో తెలీదుగానీ, ఆ కూర మాత్రం తప్పకుండా ఆకర్షించి ఉంటుంది.

సరిగ్గా ఆ వేసవిలోనే మయోర్కాలోని అల్కూదియాలో ఇంకో గుడారాల ఊరు వెలిసింది. బెల్జియంకి చెందిన వాటర్‌పోలో ఆటగాడు జెరార్డ్ బ్లిట్జ్ పెట్టిన క్లబ్ మెడిటరేనియన్... ఇప్పుడు ‘క్లబ్ మెడ్’గా ప్రపంచమంతా తెలిసిన సంస్థకి మొదటి మజిలీ అది. వాళ్లకీ మొదట పక్కా గదుల్లేవు. సైన్యం వాడి వదిలేసిన గుడారాలే.

గుడారాలు పోయి గదులొచ్చాయి. 1960లో మయోర్కా రాజధాని పాల్మాలో పెద్ద విమానాశ్రయం పౌర విమానాలకు తెరుచుకుంది. తీరం పొడవునా హోటళ్లు లేచాయి. ఆ దీవుల్లో ఒక మాట చెబుతుంటారు. పూర్వం ఆస్తి పంచేటప్పుడు లోపలి మంచి భూములు పెద్దకొడుక్కి, సముద్రం పక్కన ఇసుక నేలలు చిన్నవాళ్లకీ ఆడపిల్లలకీ ఇచ్చేవారట. పంట పండని ఆ ఇసుకే తర్వాత బంగారమైంది. విచ్చలవిడిగా కాంక్రీటుతో తీరాన్ని కప్పేయడానికి ఐరోపాలో ‘బలేరికీకరణ’ అన్న మాటే పుట్టింది. మయోర్కా ఉన్న దీవుల సముదాయం పేరు బలేరిక్ మరి!

ఇప్పుడు మళ్లీ ఫొటోనే

పాల్మా విమానాశ్రయం మీదుగా 2024లో ప్రయాణించినవాళ్లు మూడు కోట్ల ముప్ఫై లక్షల మంది. బలేరిక్ దీవులన్నిటి జనాభా కలిపితే పన్నెండు లక్షల పైచిలుకు. యాత్రికులకి అద్దెకిస్తేనే లాభమని తేలడంతో స్థానికులకి ఇళ్లు దొరకడం గగనమైపోయింది. టీచర్లు, నర్సులు కూడా అద్దెలు కట్టలేక కార్లలో, వ్యాన్లలో ఉంటున్నారని వార్తలొచ్చాయి. ఒకనాడు టీచర్ల కోసం మొదలైన చౌక ప్రయాణం ఇక్కడికొచ్చి ఆగింది. 2024 మేలో, జులైలో పాల్మా వీధుల్లో వేలమంది ఊరేగింపు తీశారు. వాళ్లు యాత్రికులొద్దనలేదు, మా ఊళ్లో మాకు చోటు మిగల్చండి అన్నారు.

ఆ గొడవల్లో ఒకటి మన కథకి బాగా దగ్గర. దీవి ఆగ్నేయ మూలన కలో దెస్ మోరో అనే చిన్న ఇసుక తీరం ఉంది. రెండు కొండల నడుమ, పచ్చలు కరిగించి పోసినట్టుండే నీళ్లు. వందమంది పడితే ఎక్కువ. దాని ఫొటోలు ఇన్‌స్టాగ్రామ్‌లో తెగ తిరిగాయి. అంతే, రోజుకి కొన్ని వేలమంది! ఎక్కువమంది వచ్చేది ఒక్క ఫొటో కోసమే. 2024 జూన్‌లో ఓ ఆదివారం పొద్దున్నే మూడొందల మంది స్థానికులు తామే వెళ్లి ఆ ఇసుక నిండా కూర్చున్నారు. వాళ్లలో చాలామంది ఆ తీరానికి వెళ్లడం ఎప్పుడో మానేసినవాళ్లే.

ఇంత చదివాక పాత ఫొటోల మీద కోపం వస్తే అది వాటి తప్పు కాదు. హోటళ్లు లేవకముందు ఆ తీరాలు ఎలా ఉండేవో చెప్పడానికి ఇప్పుడు మిగిలినవి చాలాచోట్ల అవే. అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ దగ్గర ఐరోపా, పశ్చిమాసియా ప్రాంతాల ఫొటోక్రోమ్‌లే దాదాపు ఆరు వేలున్నాయి. ఇంటర్నెట్‌లో ఎవరైనా ఉచితంగా చూడొచ్చు. చూసేటప్పుడు ముందు ఆ నీలాన్ని పక్కన పెట్టండి. బొమ్మ మధ్యలో కాకుండా అంచుల్లో వెతకండి. ఇసుక మీద ఎండబెట్టిన వలలుంటాయి, లంగరు తాళ్లుంటాయి, ఆరేసిన బట్టలుంటాయి. అంటే అది విహారానికి కాదు, పనికి వాడిన తీరం. కొన్నిచోట్ల మసగ్గా పొగలాంటి ఆకారం కనిపిస్తుంది. కెమెరా మూత తీసి ఉంచినంతసేపూ కదలకుండా నిలబడమని చెప్పినా వినకుండా, తన పనిమీద తాను నడిచిపోయిన మనిషి అది.